యానాకి పేర్చిన నిప్పు

డాక్టర్ తోష్కోవ్ ఊళ్ళో దిగాడన్న కబురు యానాకికి బొగ్గుల బట్టీ దగ్గర అందింది. తెచ్చినవాడు సారాకొట్టు రాడోయ్. వాడి కడుపులో కబురు నిలవదు. కొండెక్కి రొప్పుతూ వచ్చి, పొగ తగలకుండా దూరంగా నిలబడి, టోపీతో విసురుకున్నాడు.

"బావా, నీ చుట్టం వచ్చాడు."

యానాకి బట్టీ మీద మన్ను సర్దుతున్నాడు. ఒకచోట చిన్న బీట పడింది. అందులోంచి పొగ నీలంగా వస్తోంది. పొగ నీలంగా వచ్చిందంటే లోపల కట్టె బొగ్గు కావడం మానేసి బూడిదవుతోందని అర్థం. ఒక పార తడిమన్ను వేసి అణిచాడు.

"నాకు చుట్టాలు లేరు."

"ఒకడున్నాడుగా. మీ అక్కని బండెక్కించినవాడు."

పార ఆగింది.

"ముసలాడైపోయాడు బావా. చేతికర్ర, నల్లకోటు. బస్సు దిగి నేరుగా రుసానా అవ్వ గుమ్మంలోకి పోయాడు. రేపు మన నిప్పుల పండగ చూస్తాట్ట."

"అవ్వ ఏమంది?"

"ఏమంటుంది? పెరుగు పోసింది, రొట్టె విరిచిచ్చింది. ఆవిడ దెయ్యం వచ్చినా ముందు తిండి పెట్టి తర్వాత పేరడుగుతుంది." రాడోయ్ మాట ఆపి యానాకి ముఖం చూశాడు. "ఏం చేస్తావు బావా?"

"బట్టీ కాస్తాను."

"అంతేనా?"

"నీ కొట్లో సారా ఎవడు కాస్తున్నాడు? పో."

రాడోయ్ వెళ్ళిపోయాడు. యానాకి పార నేలకి ఆనించి, దాని మీద గడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

నలభై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు అతనికి ఇరవై రెండు, అక్క కెరాత్సాకి ముప్పై. స్తారోగోర్ ఊరు మొత్తానికి పునీత కోస్తాదిన్ పూనేది ఒక్క కెరాత్సాకే. పండగనాడు డోలు మోగి, తోలుతిత్తి బూర ఊదడం మొదలైతే ఆమె ముఖం సున్నంలా పాలిపోయేది. చేతులు చల్లబడేవి. ఆయన పటం గుండెకి ఎత్తుకుని చెప్పుల్లేని కాళ్ళతో నిప్పుల్లోకి వెళ్ళిపోయేది. వచ్చి ఏమీ జరగనట్టు గొర్రెల పాలు పిండుకునేది.

కొత్త ప్రభుత్వం వచ్చింది. నిప్పు తొక్కడం మూఢనమ్మకం అంది. అని ఊరుకోలేదు. పట్నం నుంచి ఒక డాక్టర్ని, ముగ్గురు అధికారుల్ని పంపింది. వాళ్ళు పట్టపగలు, బడి ముంగిట్లో నిప్పులు పోయించారు. డోలు లేదు, తిత్తి లేదు. నడిచి చూపించమన్నారు. ఎవడో వేలు ఊపి పిలిస్తే పునీతుడు వస్తాడా? కానీ నడవకపోతే పటాలు అదే నిప్పులో వేస్తామన్నారు. కెరాత్సా కాళ్ళు సబ్బుతో తోమించారు. ఆమె నడిచింది. మూడుసార్లు నడిచింది. ఆ నిప్పు పేర్చినవాడు యానాకి. అది ఎంత నిప్పో అతనికి తెలుసు.

డాక్టర్ మోకాళ్ళ మీద కూర్చుని ఆమె పాదాలు చేతుల్లోకి తీసుకున్నాడు. భూతద్దం పెట్టి చూశాడు. మచ్చ లేదు. డాక్టర్ చేతులు వణికాయి. పెదవులు తెల్లబడ్డాయి. యానాకి రెండడుగుల దూరంలో నిలబడి ఆ కళ్ళు చూశాడు. అవి నమ్మిన కళ్ళు.

పది రోజులకి కాగితం వచ్చింది. అరికాలి చర్మం మందం. చల్లారిన నిప్పు, పైన బూడిద పొర. నడక వేగం. మనిషికి మతి చలించింది. కింద తోష్కోవ్ సంతకం. కెరాత్సాని బండెక్కించి పిచ్చాసుపత్రికి తోలుకుపోయారు. మూడో శీతాకాలం అక్కడే పోయింది. శవాన్ని కూడా ఇవ్వలేదు.

యానాకి పెళ్ళాడలేదు. పగ కూడా ఇల్లాలి లాంటిదే. పొద్దున్నే లేపుతుంది, రొట్టె దగ్గర ఎదురుగా కూర్చుంటుంది, పడుకుంటే పక్కన పడుకుంటుంది. నలభై ఏళ్ళుగా అతను కోరుకున్నది ఒకటే. నిప్పు లేదని రాసినవాడి కాళ్ళు నిప్పులో పెట్టాలి. ఆ ప్రభుత్వం కూలి రెండేళ్ళయింది, సర్కారు గోదాములో పడేసిన పటాలు బయటికొచ్చాయి, ఊళ్ళో మళ్ళీ పండగ మొదలైంది. నిప్పు పేర్చే పని మళ్ళీ యానాకికే వచ్చింది. ఇప్పుడు ఆ కాళ్ళు కూడా వాటంతటవే వచ్చాయి.

మధ్యాహ్నం తిరిగేసరికి ఆ కాళ్ళు కొండెక్కి వచ్చాయి.

డాక్టర్ మూడుచోట్ల ఆగాడు. యానాకి పైనుంచి చూస్తూనే ఉన్నాడు. చెయ్యి అందివ్వలేదు. వచ్చినవాడు ఒక మొద్దు మీద కూర్చుని, గుండె పట్టుకుని, ఊపిరి కుదురుకున్నాక మాట్లాడాడు.

"యానాకీ, నేనెవరో గుర్తుపట్టారా?"

"పట్టాను."

"తిట్టండి. తిట్టించుకోవడానికే వచ్చాను."

"తిట్టి నోరు పాడుచేసుకోను. వచ్చిన పని చెప్పు."

డాక్టర్ కోటు లోపలి జేబులోంచి ఒక కాగితం తీశాడు. మడతలు విప్పి మోకాలి మీద పరిచాడు. కెరాత్సా మతి స్థిమితం గల మనిషి అని, ఆమె నడిచింది నిజమైన నిప్పు మీద అని, తాను చూసి కూడా లేదని రాశానని అందులో ఉంది. యానాకి మూడు తరగతుల చదువుతో వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. చివరికి వచ్చేసరికి వేలు ఖాళీ చోట ఆగింది.

"సంతకం లేదు."

"లేదు."

"ఎందుకు లేదు?"

"చెబితే నవ్వుతారు. ఆ రోజు ఆమె పాదాలు నా చేతుల్లో ఉన్నంతసేపు నాకు తెలుసు. సూర్యుడు ఉన్నాడని ఎలా తెలుసో అలా తెలుసు. సాయంత్రం బండెక్కాక, నిప్పు కాస్త తగ్గిందేమో అనుకున్నాను. పట్నం చేరేసరికి, తగ్గిందనే అనుకున్నాను. పదో రోజు సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణకలేదు యానాకీ. నేను అబద్ధం రాయలేదు. అప్పటికి నేను చూడలేదు, అంతే."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఒక రోజు చూశాను అనిపిస్తుంది, ఒక రోజు చూడలేదు అనిపిస్తుంది. ఏది నిజమో తేలకుండానే రాసి ఒకసారి మనిషిని చంపాను. ఈసారి నిజం తెలిసే రాయాలి. రేపు ఇంకోసారి చూడనివ్వండి. తేలితే నిప్పు పక్కనే, ఊరందరి ముందూ సంతకం పెడతాను."

యానాకి బట్టీ వైపు తిరిగాడు. నవ్వొచ్చింది, కానీ ముఖం మీదికి రానివ్వలేదు. "చూడు. ఎవరొద్దన్నారు?"

"పండగ అయ్యాక అందరూ నిప్పుల్లోంచి బూడిద తెచ్చుకుంటారటగా. రుసానా అవ్వ చెప్పింది. నేనూ తెచ్చుకోవచ్చా?"

"చెప్పులు విప్పి వెళ్ళాలి."

"విప్పుతాను. కానీ మీరే దారి చూపించాలి." డాక్టర్ బూటు ముందుకి చాపాడు. "చక్కెర జబ్బు. అరికాళ్ళకి స్పర్శ పోయింది. బూటులో రాయి ఉన్నా సాయంత్రం విప్పేదాకా తెలియదు. ఇలాంటి కాలికి చిన్న బొబ్బ లేచినా, ఆఖరికి కాలే తీసేస్తారు."

"దారి చూపించేది నేనే," అన్నాడు యానాకి. "ఏటా నేనే."

డాక్టర్ దిగి వెళ్ళాక అతను గొడ్డలి తీసుకుని కొండ వెనక్కి వెళ్ళాడు. పండగ నిప్పుకి ఓక్ కట్టె వాడతారు. ఓక్ నిప్పు మనసున్న నిప్పు. ఎర్రగా కనిపిస్తుంది, చల్లారితే చల్లారానని నల్లబడి చెబుతుంది. కొండ వెనక గాబర్ చెట్లున్నాయి. ఆ కట్టె ఇనుములా ఉంటుంది. దాని నిప్పు పైన బూడిద కప్పుకుని లోపల కూర్చుంటుంది. పైన చూస్తే పిల్లి పడుకునే పొయ్యిలా ఉంటుంది, కింద ఇనుము కరుగుతుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఊళ్ళో బొగ్గు కాల్చేవాళ్ళే. వాళ్ళలో మిగిలింది యానాకి ఒక్కడు.

రెండు గాడిదల మోతకి సరిపడా నరికాడు. చేతులు నొప్పి పుట్టలేదు. నరుకుతున్నంతసేపూ డాక్టర్ చెప్పిన ఒక్క మాటే నమిలాడు. స్పర్శ లేదు. మంచిదే. అడుగు వేసి కెవ్వుమని వెనక్కి దూకడు. బూడిద కోసం వంగుతాడు, వెతుకుతాడు, నిలబడతాడు. నిలబడి ఉడుకుతాడు.

పండగ పొద్దున ఊరంతా ఊట దగ్గర చేరింది. నిప్పు పేర్చేవాడికి ఆ ఊళ్ళో ఒక నియమం ఉంది. పటాల గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో వాళ్ళ చేతి నుంచి ఊటనీళ్ళు తాగి, కడుపులో ఎవరి మీదా కక్ష లేదని మూడుసార్లు చెప్పాలి. కక్ష ఉన్నవాడు ఆ రోజుకి పార వేరేవాడికి ఇచ్చేయాలి. ఇస్తే తప్పు లేదు, ఎవరూ ఎందుకని అడగరు. పక్కింటితో గట్టు తగాదా ఉండి, ఒకప్పుడు యానాకి తండ్రే ఒక ఏడు పార ఇచ్చేశాడు.

ఆ తాళంచెవి ఉండేది రుసానా అవ్వ దగ్గర. ఆవిడ దోసిట్లో నీళ్ళు పట్టింది. యానాకి వంగి తాగాడు.

"నా కడుపులో ఎవరి మీదా కక్ష లేదు."

"ఊఁ."

"నా కడుపులో ఎవరి మీదా కక్ష లేదు."

"నీళ్ళు గొంతు దిగలేదురా యానాకీ," అంది అవ్వ, పక్కవాళ్ళకి వినపడకుండా. "ఈ ఏడు రాడోయ్‌కి ఇవ్వు పార."

"వాడా? వాడు పొయ్యి వెలిగిస్తే పొగకి ఊరు ఖాళీ అవుతుంది."

"నవ్వు పుట్టించకు. ఆ మనిషి నా ఇంట్లో ఉన్నాడు. రాత్రి నా పెరుగు తిన్నాడు."

"నీ పెరుగుకీ నా కట్టెలకీ ఏం సంబంధం అవ్వా? నా కడుపులో ఎవరి మీదా కక్ష లేదు. మూడయ్యాయి."

అవ్వ చేతులు దులుపుకుంది. మిగిలిన నీళ్ళు అతని కాళ్ళ మీద పడ్డాయి.

సాయంత్రానికి నిప్పు సిద్ధమైంది. మధ్యలో, తూర్పు అంచున ఓక్ కణికలు పరిచాడు. పడమటి వైపు గాబర్. తూర్పు అంచుని ముందే పల్చగా లాగి చల్లార్చాడు, జనం బూడిద కోసం వచ్చేది అటే. పడమటి వైపు మాత్రం జానెడు లోతు పోసి, పైన మెత్తటి బూడిద జల్లెడ పట్టినట్టు చల్లాడు. తర్వాత దూరంగా వచ్చి నిలబడి చూశాడు. తన కన్నే మోసపోయింది. నివురుగప్పిన నిప్పు అంటే అదీ.

పొద్దు వాలింది. డోలు మోగింది. తిత్తి సాగదీసి ఏడ్చినట్టు ఊదింది. రొట్టెల బట్టీ నడిపే మార్గా పటాల గదిలోంచి బయటికొచ్చింది. కెరాత్సా పోయాక పునీతుడు మళ్ళీ పూనింది ఈమెకే, అదీ కిందటేడే. ముఖం పాలిపోయి ఉంది. ఎర్రగుడ్డ చుట్టిన పటం గుండెకి పట్టుకుని, నోటితో గాలి కొడుతున్నట్టు శబ్దం చేస్తూ, నిప్పుల మధ్యకి వెళ్ళింది. ఒకసారి, ఇంకోసారి, అడ్డంగా, నిలువుగా. ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు. రాడోయ్ లాంటివాడు కూడా టోపీ తీశాడు.

యానాకి మార్గాని చూడలేదు. డాక్టర్ని చూశాడు. డాక్టర్ కళ్ళలో నీళ్ళున్నాయి. అతని ఎడమచేతిలో గడియారం కూడా ఉంది. మార్గా బయటికొచ్చాక గడియారం వంక చూసి, పెదవులు కదిలించి, ముఖం ముడుచుకున్నాడు.

"ఏమైంది డాక్టరూ?"

"ఒక్కో అడుగుకి అర సెకను," అన్నాడు సిగ్గుపడుతూ. "అంత తక్కువసేపు అయితే, మరి... చర్మం తట్టుకుంటుందేమో." కళ్ళు తుడుచుకున్నాడు. "చూశారా? కళ్ళ తడి ఆరలేదు, అప్పుడే మొదలెట్టాను."

పటాలు లోపలికి వెళ్ళాయి. జనం చెప్పులు విప్పి, తూర్పు అంచున ఒక్కొక్కరే వంగి చిటికెడు బూడిద తీసుకుని, నుదుట రాసుకుని, గొర్రెమాంసం పులుసు వడ్డించే చోటికి పోయారు. డాక్టర్ అందరికన్నా చివర కూర్చుని బూట్లు విప్పాడు. మేజోళ్ళు విప్పాడు. పాదాలు పచ్చి ఉల్లిపొరలా ఉన్నాయి, లోపలి నరాలు కనిపిస్తున్నాయి.

"ఎటు యానాకీ?"

యానాకి పారతో పడమటి వైపు చూపించాడు. "ఇటు. నాలుగడుగులు లోపలికెళ్ళు. అక్కడ బూడిద మెత్తగా ఉంటుంది."

డాక్టర్ చేతికర్ర కింద పెట్టి కాలు వేశాడు.

ఒకటి. బూడిద మీద పాదం పడింది, పక్కలకి పొంగింది. పాదం ఎత్తినచోట, కింద గాబర్ నిప్పు ఎర్రగా కన్ను తెరిచి చూసింది. రెండు. మూడు. నాలుగో అడుగు దగ్గర ఆగాడు. యానాకి పార కర్రని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. ఇప్పుడు. చర్మం చుయ్యిమంటుంది. వాసన వస్తుంది. ఇప్పుడు.

డాక్టర్ కళ్ళు మూసుకుని వంగాడు. బూడిద పిడికిట్లోకి తీసుకున్నాడు. నుదుట రాసుకున్నాడు. ఆ పిడికిలి నిండా ఎర్రకణికలు. వేళ్ళ సందుల్లోంచి వెలుగు కారుతోంది. అతను కళ్ళు తెరవలేదు. "కెరాత్సా," అన్నాడు. తర్వాత ఏదో గొణిగాడు. పరలోకప్రార్థన మొదటి నుంచి చివరి వరకు చెప్పుకునేంతసేపు అక్కడే నిలబడ్డాడు. చీలమండల దాకా దిగిపోయి ఉన్నాడు. చుట్టూ వేడికి గాలి వణుకుతోంది. పంట్లాం అంచు కూడా మాడలేదు.

తర్వాత మెల్లగా నడిచి ఇవతలికొచ్చాడు.

"చల్లారిపోయింది," అన్నాడు. అతని గొంతులో దిగులు ఉంది. "పిడికిట్లో పెరటి మన్నులా ఉంది. కానీ కాళ్ళకి స్పర్శ లేదు కదా, ఏం తెలుస్తుంది?"

యానాకి పార పడేసి మోకాళ్ళ మీద పడ్డాడు. ఆ పాదాలు పట్టుకున్నాడు. బూడిద తుడిచాడు. ఉల్లిపొర చర్మం అలాగే ఉంది. చల్లగా ఉంది, ఊటలోంచి తీసిన రాయిలా.

డాక్టర్ కిందికి చూశాడు. అతని ముఖం మారింది. "యానాకీ. ఎందుకలా చూస్తున్నారు? అది నిప్పా? నేను నిలబడ్డది నిప్పు మీదా?" కాగితం తీశాడు, పెన్ను తీశాడు. "ఈ ఊళ్ళో నిప్పు సంగతి మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఒక్క మాట చెప్పండి. మీరు చెబితే నమ్ముతాను. ఇక్కడే సంతకం పెడతాను."

అవునంటే చాలు. అక్క పేరు మీది మట్టి రాలిపోతుంది.

కానీ అవునంటే ఇంకోటి కూడా అన్నట్టే. పునీత కోస్తాదిన్ వీణ్ణి మోశాడు. కెరాత్సాని మోసిన చేతులతోనే, కెరాత్సాని చంపినవాణ్ణి మోశాడు. నలభై ఏళ్ళు పస్తులున్నట్టు ఎదురుచూసినవాడికి ఏమీ మిగల్చకుండా మోశాడు.

"నిప్పా?" అని లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "చల్లబూడిద. నీకోసం పునీతుడు దిగొస్తాడనుకున్నావా?"

డాక్టర్ పెన్నుకి మూత పెట్టాడు. కాగితం మడిచాడు. బూట్లు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

"అయితే ఇంక తేలదు," అన్నాడు. "మిమ్మల్ని ఏమీ అనను. మీరు నిజం చెప్పారు, అది చాలు."

వెళ్ళిపోయాడు. ఆ వంగిన వీపు చూస్తూ యానాకి కడుపు చల్లబడుతుందని చూశాడు. చల్లబడలేదు.

పులుసు దగ్గర నవ్వులు వినిపిస్తున్నాయి. అతను నిప్పు పక్కన ఒక్కడే నిలబడ్డాడు. బూడిదే అయి ఉంటుంది అనుకున్నాడు. కట్టెలో పచ్చి ఉండి ఉంటుంది. అడుగున నేల చెమ్మగా ఉంది, ఊట దగ్గరేగా. జానెడు కాదు, నాలుగు వేళ్ళే పోశానేమో. వయసైంది, కన్ను తప్పింది. ఆ ఎరుపు వాలే పొద్దుది అయి ఉంటుంది. ఒక్కో మాటా అంతకుముందు దానికన్నా బాగుంది. తోష్కోవ్‌కి పది రోజులు పట్టింది. తనకి పది గుక్కల ఊపిరి పట్టలేదు.

అది తెలిసి భయమేసింది. వంగి, డాక్టర్ నిలబడ్డ చోటే, కుడి అరచెయ్యి బూడిదలోకి గుచ్చాడు.

అరుపు వచ్చింది, పళ్ళ మధ్య నలిపేశాడు. చెయ్యి బయటికి తీసేసరికి తోలు వేళ్ళ దగ్గర తెల్లగా లేచింది. మాంసం కాలిన వాసన, తను ఎదురుచూసిన వాసన, తన చేతి నుంచే వచ్చింది.

పొద్దున ఏడు గంటల బస్సు. డాక్టర్ సంచి పక్కన పెట్టుకుని సారాకొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. యానాకి గుడ్డ చుట్టిన చేత్తో, నిద్రలేని కళ్ళతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"కాగితం తియ్యి."

"ఎందుకు?"

"సంతకం పెట్టు. నిన్న నేను చెప్పింది అబద్ధం. అది నిప్పే. గాబర్ నిప్పు. నిన్ను కాల్చాలని నేనే పేర్చాను, నేనే బూడిద కప్పాను, నేనే అటు పొమ్మన్నాను." అన్ని మాటలు అతను ఏడాది మొత్తంలో కూడా ఎవరితో అనలేదు. గుడ్డ విప్పి అరచెయ్యి చాపాడు. "ఇదిగో. నువ్వు నిలబడ్డ చోటే పెట్టాను."

డాక్టర్ ఆ చేతిని తన మోకాలి మీదికి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వైద్యుడి చూపు.

"ఇది లోతుగా కాలింది. బట్టీ దగ్గర కాలిందా?"

"చెప్పానుగా ఎక్కడో!"

"యానాకీ," డాక్టర్ గొంతు మెత్తగా ఉంది. "పొద్దున లేవగానే నా పాదాలు అద్దం పెట్టుకుని చూసుకున్నాను. బొబ్బ లేదు. మచ్చ లేదు. నిప్పయితే బొబ్బ ఉండేది. బొబ్బ లేదు, కాబట్టి నిప్పు లేదు."

"అదేనయ్యా నేను చెప్పేది! అదే కదా మా అక్కకి జరిగింది!"

"మీ అక్క మీద మీ ప్రేమ నాకు అర్థమైంది. నా సంతకం కోసం చెయ్యి కాల్చుకున్నారు. అంత పని చేశారంటే..." అతని కళ్ళు తడిసాయి. "కానీ నిన్న రాత్రి చెప్పిందే నిజం. అప్పుడు మీకు కోపం ఉంది. కోపంలో ఉన్నవాడు అబద్ధం చెప్పడు."

"నిన్న చెప్పి ఉంటే?"

"నిన్న చెప్పి ఉంటే పెట్టేవాణ్ణి. నా పాదాలు మీ చేతుల్లో ఉన్నప్పుడు నాకు దాదాపు తెలిసింది." సంచిలోంచి మందు, శుభ్రమైన గుడ్డ తీశాడు. మందు రాసి, వేలు వేలుకీ విడిగా చుట్టి, అందంగా కట్టు కట్టాడు. "పది రోజులు తడవనివ్వకండి."

యానాకి కట్టించుకున్నాడు. చెయ్యి లాక్కోవడానికి కూడా అతనిలో సత్తువ లేదు. బస్సు వచ్చింది. డాక్టర్ ఎక్కాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. కాగితం అతని కోటు జేబులోనే, ఖాళీ చోటుతోనే పట్నం వెళ్ళిపోయింది.

గుమ్మంలో నిలబడి అంతా విన్న రాడోయ్ పకపకా నవ్వాడు.

"ఓ బావా! గాబర్ నిప్పు మీద ముసలాడు ప్రార్థన చెప్పాడా? నేను తూర్పున బూడిద తీసుకుంటూ చూశాను కదా, నీ పడమటి వైపు పొగ కూడా లేదు. పొయ్యి ఆరిపోయిందని చెప్పు, తప్పేముంది? వయసుకి అందరికీ ఆరిపోతుంది."

"ఆరలేదు."

"బొగ్గులోడి నిప్పు చల్లారిందని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, పునీతుణ్ణి కూలికి పిలుస్తున్నావు. ఏం మనిషివి బావా!" రాడోయ్ కడుపు పట్టుకున్నాడు. లోపల కూర్చున్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు.

యానాకి పళ్ళతో ముడి పట్టుకుని కట్టు విప్పాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. గుడ్డ బల్ల మీద పడేశాడు. పచ్చి పుండు మీద గాలి తగిలి కళ్ళు మండాయి.

"గాబర్ ఇంకా ఒక గాడిద మోత మిగిలింది," అన్నాడు రాడోయ్‌తో. "సాయంత్రం బట్టీ దగ్గరికి రా, పొగ లేని నిప్పు తొక్కి చూద్దువు గాని. నవ్వినవాళ్ళందర్నీ తీసుకురా. చెప్పులు ఇక్కడే విప్పేసి రండి."